సద్దుల బతుకమ్మను ఇంట్లోనే పేర్చుకోవడం: పూలు ఏరడం మొదలు నీళ్లలో వదిలే దాకా

చూసేవాళ్లకు బతుకమ్మ పేర్చడం తేలిక పనిలా ఉంటుంది. సిబ్బిలో, అంటే వెడల్పాటి పళ్లెంలో, పూలు గుండ్రంగా పెట్టుకుంటూ పోవడమే కదా అనిపిస్తుంది. తీరా కూర్చుంటే మూడో వరుసకే పూలు జారడం మొదలుపెడతాయి. ఆరో వరుసకు ఒక పక్కకు ఒరుగుతుంది. చెరువు దాకా ఎత్తుకెళ్లేటప్పుడు ఎక్కడ కూలిపోతుందోనని ఒకటే టెన్షన్. ఆ భయంతోనే చాలామంది పండుగ చివరి రోజైన సద్దుల నాడు పొద్దున్నే చౌరస్తాకు వెళ్లి, పేర్చి పెట్టిన బతుకమ్మను కొనుక్కొస్తున్నారు. వీలు లేనివాళ్లు కొనుక్కోవడం తప్పని నేను అనను. కానీ ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చుని, ఒకరు కట్టలు కడుతుంటే ఒకరు కాడలు కత్తిరిస్తూ, ఇంకొకరు రంగు అద్దుతూ గడిపే ఆ పూటలోనే నాకు సగం పండుగ ఉంటుంది. మీ ఇంట్లో ఆ పూట పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నేను నేర్చుకున్నది మా నాయనమ్మ దగ్గర, జనగామ పక్కన ఒక పల్లెలో. ఇక్కడ చెప్పే కొలతలు, పద్ధతులు ఆ ఇంటివి. మీ ఊళ్లో తేడా ఉంటే మీ పెద్దవాళ్ల మాటే వినండి. ఈ పండుగకు పుస్తకంలో రాసిన విధానం అంటూ లేదు. మంత్రం లేదు, పంతులు అక్కర్లేదు. ఆడవాళ్ల చేతులు, గొంతులు ఉంటే చాలు.

ఏ రోజు ఏ బతుకమ్మ

భాద్రపద అమావాస్య, అంటే పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలవుతుంది. ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాడు, అంటే దుర్గాష్టమికి, సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తిథులు పెరిగిన, తగ్గిన ఏడాది లెక్క ఒక రోజు అటూఇటూ అవుతుంది కాబట్టి సద్దులు ఎప్పుడో ఊళ్లో ముందే అడిగి తెలుసుకోండి. వేములవాడలో అయితే ఏడో రోజే సద్దులు ఆడతారు. ఈ తొమ్మిది రోజులకు ముందు పెళ్లికాని పిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి ఆడుకుంటారు. ఆ బొడ్డెమ్మను సాగనంపాక బతుకమ్మ వస్తుంది.

మొదటి రోజు ఎంగిలిపూలకు నువ్వులు, బియ్యప్పిండి కలిపిన నైవేద్యం పెడతారు. రెండో రోజు అటుకుల బతుకమ్మకు సప్పిడి పప్పు, బెల్లం, అటుకులు. మూడో రోజు ముద్దపప్పు, పాలు, బెల్లం. నాలుగో రోజు నానబియ్యం బతుకమ్మకు నానబెట్టిన బియ్యంలో పాలు, బెల్లం. ఐదో రోజు అట్లు. ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది. ఆ రోజును కొన్నిచోట్ల అర్రెం అని కూడా అంటారు. పేర్చడం, ఆడటం, నైవేద్యం ఏవీ ఉండవు. వెనకటికి ఎప్పుడో మాంసం ముద్ద తగిలి అమ్మ అలిగిందని పెద్దలు చెబుతారు. ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని వేపకాయల్లా ఒత్తి నూనెలో వేయించి పెడతారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, అంటే నువ్వులు, బెల్లం, వెన్న కలిపిన ముద్దలు. తొమ్మిదో రోజు సద్దులు, అంటే ఐదు రకాలుగా కలిపిన అన్నాలు.

మొదటిసారి పేర్చేవాళ్లు నేరుగా సద్దుల నాడు మూడడుగుల బతుకమ్మకు దిగకండి. ఎంగిలిపూల నాడు జానెడు ఎత్తుది పేర్చండి. మధ్య రోజుల్లో ఇంకొకటో రెండో పేర్చితే సద్దుల నాటికి చెయ్యి తిరుగుతుంది. వెనకటి నుంచి పిల్లలకు ఈ విద్య వచ్చింది అలాగే.

పూలు

బతుకమ్మకు రెండు పూలు ముఖ్యం: గునుగు, తంగేడు. ఈ రెండూ ఎవరూ తోటలో పెంచేవి కావు, జడలో పెట్టుకునేవీ కావు. గునుగు మక్కచేలో, జొన్నచేలో, పత్తిచేలో కలుపుగా మొలుస్తుంది. ఏడాదంతా రైతు పీకిపారేసే మొక్క. తంగేడు రాళ్ల నేలలో, చెరువు గట్టు మీద, బాటల పక్కన తనంతట తాను పెరిగే పొద. వానలు వెనకబట్టే ఈ రోజుల్లో మాత్రం ఆ కలుపుమొక్కే అమ్మవారి ఒళ్లవుతుంది, ఆ పొదే అమ్మవారికి పసుపవుతుంది. తెలంగాణ వచ్చాక తంగేడును రాష్ట్ర పుష్పంగా పెట్టుకున్నాం. బతుకమ్మ 2014లోనే రాష్ట్ర పండుగ అయింది.

తంగేడు గురించి మా నాయనమ్మ ఒక కథ చెప్పేది. వదిన చేతిలో అన్యాయంగా చచ్చిపోయిన ఒక ఆడబిడ్డను చెరువు గట్టున పాతిపెట్టారట. అక్కడ తంగేడు చెట్టు మొలిచి ఒళ్లంతా పూసిందట. విషయం తెలియని అన్న ఆ గట్టుకు వస్తే, తన పేరున ఏటా పూల పండుగ చేయమని చెల్లెలు అడిగిందట. ఇంకో కథ కూడా ఉంది. చోళరాజు ధర్మాంగదుడికి, ఆయన భార్య సత్యవతికి నూరుగురు కొడుకులు యుద్ధంలో పోయారు. వాళ్లు తపస్సు చేస్తే లక్ష్మీదేవే కూతురై పుట్టింది. ఈ బిడ్డ బతకాలి అని అందరూ దీవించి బతుకమ్మ అని పిలిచారు. రెండు కథల్లోనూ ఒక ఆడపిల్ల బతుకే ఉంది. పేర్చేటప్పుడు పక్కన పిల్లలు ఉంటే ఈ కథలు చెప్పండి. చేతులు ఖాళీగా ఉండవు, చెవులు మాత్రం ఖాళీగానే ఉంటాయి.

ఇక లెక్క. పద్నాలుగు అంగుళాల వెడల్పున్న పళ్లెం తీసుకుంటే దాని చుట్టు కొలత సుమారు నలభై నాలుగు అంగుళాలు. ఒక్కో గునుగు కట్ట అంగుళం మందం అనుకుంటే అడుగు దగ్గరి ఒక్క వరుసకే నలభైకి పైగా కట్టలు పడతాయి. కట్టకు ఐదారు పూలు. అంటే ఒక్క వరుసకు దగ్గరదగ్గర రెండు వందల యాభై గునుగు పూలు! ఈ లెక్క తెలియకే చాలామంది చారెడు గునుగు తెచ్చుకుని, మధ్యలో పూలు అయిపోయి, బంతిపూలతో సర్దుకుంటారు. అడుగున్నర ఎత్తు బతుకమ్మకు రెండు చేతుల నిండా పట్టే గునుగు మోపులు రెండు, తంగేడు ఒక మోపు, బంతి కిలోన్నర, చామంతి ఒక కిలో ఉంచుకోండి. వీటికి తోడు సీతజడ పూలు, కట్లపూలు, పోకబంతి, గడ్డిపూలు, రుద్రాక్ష పూలు, మందారం, నందివర్ధనం ఏవి దొరికితే అవి. పైన పెట్టడానికి గుమ్మడి పువ్వు ఒకటి తప్పకుండా చూసుకోవాలి. చివరి నిమిషంలో దొరకనిది అదొక్కటే.

గునుగు రెండు రోజుల ముందు తెచ్చినా వాడిపోదు. కాగితంలా గరగరలాడే పువ్వు అది. నీడలో పరిస్తే చాలు. తంగేడు అలా కాదు, పొద్దున కోస్తే సాయంత్రానికి తల వాలుస్తుంది. సద్దుల నాడు తెల్లవారుజామునే కోసి, తడిగుడ్డ చుట్టి నీడన పెట్టాలి. మా ఊళ్లో పూలకు వెళ్లడం మగవాళ్ల పని. మా నాయన, చిన్నాన్నలు చీకటితోనే వెళ్లి, పొద్దెక్కకముందే సైకిల్ వెనక మోపులు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆ మోపులు వాకిట్లో దించగానే వచ్చే పచ్చి వాసన, తంగేడు రెమ్మల మీద ఇంకా ఆరని మంచు, నాకు పండుగంటే మొదట గుర్తొచ్చేది అదే.

కోసేటప్పుడు రెండు జాగ్రత్తలు. కాడ కనీసం బెత్తెడు ఉంచి కోయాలి. తల మాత్రమే తుంపితే అది పేర్చడానికి పనికిరాదు. ఇంకొకటి, పురుగుమందు కొట్టిన చేలో దిగేముందు రైతును అడగండి. కలుపుమందుల వల్ల గునుగు చాలా చేలల్లో కనిపించకుండా పోతోంది. మొక్కను వేళ్లతో పీకకుండా పువ్వు వరకే కోసుకుంటే, మిగిలిన కంకుల నుంచి గింజ రాలి వచ్చే ఏడు మళ్లీ మొలుస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు రోడ్ల పక్కన గునుగు కట్టలు పెట్టుకుని అమ్ముతారు కూడా. బేరం ఎక్కువ ఆడకండి, తెల్లవారకముందే లేచి చేలన్నీ తిరిగి ఏరిన పువ్వు అది.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లకు గునుగు, తంగేడు అంత తేలిగ్గా దొరకవు. అక్కడ చిన్న చామంతులు, కార్నేషన్లు, బంతిపూలు కాడలతో సహా గుత్తులుగా దొరుకుతాయి. వాటితో చక్కగా పేర్చుకోవచ్చు. పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజి దిమ్మెలు మాత్రం వాడొద్దు. అవి నీళ్లలో కరగవు. ఏ ఊళ్లో ఉన్నా ఆ కాలానికి చుట్టూ పూసిన పూలతో పేర్చేదే బతుకమ్మ. ఊరి నుంచి విమానంలో ఎండు గునుగు తెప్పించుకునే దాకా పోనవసరం లేదని నా అభిప్రాయం.

గునుగుకు రంగు అద్దడం

గునుగు తెల్లగా, కొస దగ్గర లేత గులాబీ ఛాయతో ఉంటుంది. కొన్ని కట్టలు అలాగే ఉంచి, కొన్నిటికి రంగు అద్దాలి. ఇది ముందు రోజు రాత్రి చేసుకునే పని.

ఐదారు పూలను కొసలు సమంగా ఉండేలా కలిపి, కాడల దగ్గర దారంతో కట్టండి. కాడలన్నీ ఒకే పొడవుకు కత్తిరించండి. వెడల్పాటి గిన్నెలో వేడినీళ్లు పోసి రంగు చిక్కగా కలపాలి. పల్చగా కలిపితే గునుగు మీద రంగు నిలవదు, ఆరాక వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. కట్టను కాడ దగ్గర పట్టుకుని పూల తలలను రంగులో ముంచి, పది లెక్కపెట్టి తీయండి. గిన్నె అంచుకు తట్టి నీళ్లు దులిపి, పేపర్ మీద తలలు తగలకుండా ఆరబెట్టండి. తడి ఆరకుండా పేర్చితే ఆ రంగు కింది వరుసలోని తెల్లపూల మీదికి కారుతుంది.

మా ఇంట్లో ముదురు గులాబీ, ఆకుపచ్చ, నీలం మూడే వాడతాం. బజారులో దొరికే రంగుల కంటే వంటల్లో వాడే రంగు నయం, చెరువుకు హాని తక్కువ. ఇంకా మంచిది కావాలంటే పసుపు నీళ్లు, బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు వాడండి. మెరుపు కొంచెం తగ్గుతుంది, అంతే.

అడుగు సిద్ధం చేయడం

సిబ్బి ఉంటే సిబ్బి, లేకపోతే వెడల్పాటి ఇత్తడి తాంబాళం లేదా స్టీలు పళ్లెం. పేర్చినదాన్ని మోయాలి కాబట్టి వంగే పళ్లెం వద్దు. పళ్లెం మీద ముందుగా రెండు పొడవాటి నూలుదారాలు కూడిక గుర్తులా అడ్డంగా పరవండి. ఒక్కోటి నాలుగైదు గజాలు ఉండాలి. కొసలు బయటికి వేలాడనివ్వండి. వీటి అవసరం చివర్లో వస్తుంది. దారాల మీద గుమ్మడి ఆకులు కానీ ఆముదం ఆకులు కానీ, అవీ లేకపోతే మోదుగు విస్తరి కానీ పరవండి. ఆకు అంచులు పళ్లెం బయటికి కొద్దిగా కనబడాలి. ఆకు మీద చిటికెడు పసుపు, కుంకుమ వేసి దండం పెట్టుకుని మొదలుపెట్టండి.

పక్కన పెద్ద గంపలో కూర సిద్ధంగా ఉండాలి. కూర అంటే వండేది కాదు, నడుమ కూరేది. గునుగు ఆకులు, కత్తిరించగా మిగిలిన కాడలు, తంగేడు ఆకులు, చిదిమిన బంతి రేకులు అన్నీ చిన్నచిన్న ముక్కలు చేసి పెట్టుకోవాలి. ఏదీ పారేయకండి.

పేర్చడం

మొదటి వరుస తంగేడు. పూలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా, అన్ని కాడలూ పళ్లెం నడిమధ్యను చూస్తున్నట్టు పేర్చుకుంటూ రండి. ఒక కట్టకు ఇంకో కట్టకు మధ్య వేలు దూరకూడదు. చుట్టు పూర్తయ్యాక మధ్యలో గిన్నెలా గుంత కనిపిస్తుంది. ఆ గుంతను ఆకుతో నింపి, అరచేతితో గట్టిగా నొక్కాలి. నొక్కితే దిగిపోతుంది. మళ్లీ నింపాలి, మళ్లీ నొక్కాలి. చుట్టూ ఉన్న కాడలతో సమానంగా, అరచెయ్యి ఆనించినా దిగనంత గట్టిగా అయ్యేవరకు ఆపకూడదు. అప్పుడే రెండో వరుస.

మొత్తం పనిలో కీలకం ఇదే. మా నాయనమ్మ పువ్వు పెట్టడంలో మాకు స్వేచ్ఛ ఇచ్చేది. ఏ రంగు తర్వాత ఏ రంగు పెట్టినా ఏమీ అనేది కాదు. నడుమ నింపడం మాత్రం ఎవరికీ వదిలేది కాదు. పీట మీద కూర్చుని, గాజులు మోచేతి వైపు ఎగదోసుకుని, పిడికిలితో కూరుతూ అనేది: "నడుమ బోలు పెట్టకు బిడ్డా. కడుపు నిండితెనే నిలవడ్తది." ఆమె చేతికి పట్టిన గునుగు ఆకు పసరు రెండు రోజులైనా పోయేది కాదు.

ఆ మాట విలువ నాకు పెళ్లైన మొదటి ఏడాది తెలిసింది. అత్తగారింట్లో మొదటిసారి నేనే పేర్చాను. బంతిపూలు దండిగా ఉన్నాయని బయట వరుసలన్నీ ఒత్తుగా పెట్టాను, చీకటి పడుతోందని నడుమ ఆకు తక్కువ కూరాను. వీధి మలుపు తిరుగుతుంటే పైభాగం నెమ్మదిగా ఒరిగింది. ఏడుపొచ్చేసింది. మా అత్తమ్మ వెంటనే కొంగు అడ్డం పెట్టి పైభాగాన్ని పట్టుకుంది. "ఏం గాదు బిడ్డా, గౌరమ్మ కింద పడలేదు. మళ్ల పేర్చుకుందాం" అంది. పక్కింటి అరుగు మీద కూర్చుని, నాలుగు వరుసలు తీసి, నడుమ మళ్లీ కూరి పేర్చుకుని వెళ్లాం. ఆ అరుగు వాళ్లూ వచ్చి చెయ్యేశారు. అప్పటి నుంచి నేను వరుస వరుసకూ అరచేతితో నొక్కి చూడకుండా ముందుకు పోను.

రెండో వరుసకు తెల్ల గునుగు. పెట్టేటప్పుడు కింది వరుస కంటే అరంగుళం లోపలికి జరపండి. ప్రతి వరుసా ఇలాగే జరుపుకుంటూ పోతే గోపురం ఆకారం తనంతట తనే వస్తుంది. ఒకేసారి రెండంగుళాలు జరిపితే మెట్టులా కనబడుతుంది, ఎత్తు కూడా రాదు. అసలు జరపకపోతే డబ్బాలా నిటారుగా లేచి ఒరుగుతుంది. మూడో వరుస గులాబీ గునుగు, నాలుగు బంతి, ఐదు మళ్లీ తెల్ల గునుగు, ఇలా మీ ఇష్టం. బరువైన బంతి వరుసలు కింది సగంలోనే ఉంచండి. రెండు బంతి వరుసల మధ్య ఒక గునుగు వరుస తప్పకుండా పెట్టండి, ఎందుకంటే బంతి కాడ పొట్టిగా, నున్నగా ఉండి పట్టు ఇవ్వదు. గునుగు కాడ గరుకుగా ఉండి పై వరుసను పట్టి ఉంచుతుంది.

మూడు వరుసలకు ఒకసారి లేచి నిలబడి నాలుగు వైపుల నుంచీ చూడండి. కూర్చున్న చోటి నుంచి ఎదుటి పక్క వంకర కనిపించదు. పళ్లాన్ని తిప్పుతూ పేర్చితే ఇంకా మంచిది. ఒక పక్క పల్లంగా ఉంటే పై వరుసలో దాన్ని సరిచేయొచ్చని అనుకోకండి. వరుస తీసి, ఆ పక్క ఆకు కూరి, మళ్లీ పెట్టండి. ఐదు నిమిషాల పని. వదిలేస్తే పైకి పోయేకొద్దీ ఆ వంకర పెరుగుతుంది.

పద్నాలుగు అంగుళాల పళ్లెంలో పన్నెండు, పదమూడు వరుసలకు శిఖరం వస్తుంది. పైకి వచ్చేసరికి కాడలు ఒకదానికొకటి అడ్డం పడతాయి, అక్కడ కాడలు పొట్టిగా కత్తిరించుకోవాలి. చివరి రెండు వరుసలకు చామంతి, సీతజడ పూలు అందంగా ఉంటాయి. శిఖరం మీద అరచేతి వెడల్పు జాగా వదలండి, గౌరమ్మ కూర్చోవడానికి.

మొదట్లో అడుగున పెట్టిన దారాల కొసలు ఇప్పుడు నాలుగు వైపుల నుంచీ పైకి తెచ్చి, పూల మధ్య సందుల్లో కనబడకుండా సర్ది, శిఖరం దగ్గర ముడివేయండి. బిగించి లాగితే పూలు నలుగుతాయి. పట్టీ పట్టకుండా పట్టినట్టు ఉండాలి. నైలాన్ దారం, గుండుసూదులు, తీగలు వద్దు. ఇది సాయంత్రం చేపలున్న నీళ్లలోకి వెళ్లేది.

ఇలాగే ఇంకో చిన్నది కూడా పేర్చండి. అది తోడు బతుకమ్మ. పెద్దదాన్ని ఒంటరిగా పంపరు. ఇంట్లో చిన్నపిల్లలకు ఆ చిన్న బతుకమ్మను అప్పజెప్పండి, వాళ్లే ఎత్తుకుని నడుస్తారు.

గౌరమ్మ

రెండు చెంచాల పసుపులో చుక్కచుక్కగా నీళ్లు వేసి గట్టి ముద్దలా కలపండి. వేళ్లతో పైకి సన్నగా, కింద వెడల్పుగా ఒత్తి, కుంకుమ బొట్టు పెట్టండి. తమలపాకు మీద ఆ గౌరమ్మను ఉంచి, పక్కన ఒక వక్క పెట్టండి. శిఖరం మీద గుమ్మడి పువ్వు విప్పి పెట్టి అందులో గౌరమ్మను కూర్చోబెట్టాలి. కొన్ని ఇళ్లలో గుమ్మడి పువ్వు నడిమి భాగాన్నే గౌరమ్మగా కొలుస్తారు. రెండు అగరొత్తులు గుచ్చి, దేవుడి దగ్గర పెట్టి దీపం వెలిగించండి. సాయంత్రం దాకా ఫ్యాన్ గాలి తగలని చోట ఉంచండి. అంతసేపు పూలు ఆరిపోకుండా గంటకోసారి చేతివేళ్లతో నీళ్లు చిలకరిస్తే సరిపోతుంది.

సద్దులు, సత్తుపిండి

ఐదు సద్దులంటే పెరుగు, చింతపండు పులిహోర, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వులు. ఐదింటికీ అన్నం ఒకేసారి వండండి. పొడిపొడిగా వండి, పెద్ద పళ్లెంలో పరిచి, రెండు చెంచాల నూనె కలిపి ఆరనివ్వాలి. వేడి మీద కలిపితే ముద్దవుతుంది. నువ్వుల సద్దికి నువ్వులు, ఎండుమిర్చి దోరగా వేయించి, ఉప్పుతో పొడి చేసి అన్నంలో కలిపి పోపు పెడితే చాలు. పెరుగన్నం మాత్రం బయలుదేరే ముందు కలపండి.

సత్తుపిండి ముందురోజే చేసుకోవచ్చు. పావుకిలో పల్లీలు సన్నమంట మీద వేయించి, పూర్తిగా చల్లారాక పొట్టు తీసి, నూటయాభై గ్రాముల చక్కెరతో మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. ఒకే తీరుగా తిప్పితే నూనె దిగి ముద్దయిపోతుంది. నువ్వులకు బెల్లం బాగుంటుంది. పెసలు, మక్కలు కూడా వేయించి ఇలాగే చేస్తారు. కొందరు మలీద చేస్తారు: రొట్టెలను చేత్తో నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు.

ఆట

పొద్దువాలుతుండగా కొత్త చీరలు కట్టుకుని, బతుకమ్మలు ఎత్తుకుని బయలుదేరతారు. ముందు డప్పులు మోగుతుంటాయి. ఎత్తేటప్పుడు ఒకరు పళ్లెం అడుగున రెండు చేతులూ పెట్టాలి, ఇంకొకరు శిఖరాన్ని ఆనించి పట్టాలి. తల మీద పెట్టుకునే అలవాటు లేనివాళ్లు కడుపుకు ఆనించుకుని నడవడమే మంచిది. గుడి ముందో చెరువు దగ్గరో కొన్ని ఊళ్లలో వెంపలి చెట్టు కొమ్మ నాటి, దాని చుట్టూ బతుకమ్మలు దించుతారు. హనుమకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు చూస్తే పూల గుట్టలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయాయో అంతుపట్టదు.

పాట రాదని ఎవరూ వెనక నిలబడకండి. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. ప్రతి చరణం చివర ఉయ్యాలో అనో చందమామ అనో కోలు అనో వచ్చే మాట ఒకటే మీకు తెలిస్తే చాలు. అడుగు కూడా అంతే. అందరితో పాటు ఒకే దిక్కుకు ఒక అడుగు, నడుము కొంచెం వంచి చప్పట్లు, నిటారుగా లేచి మళ్లీ అడుగు. రెండు చుట్లలో కాళ్లకు అలవాటైపోతుంది. ఆ పాటల్లో రాముడు, సీత, శివపార్వతుల కథలు ఉంటాయి. అత్తగారింట్లో పడ్డ కష్టం, తల్లిగారింటి కోసం చూసే ఎదురుచూపు ఉంటుంది. ఏడాదిలో ఆడవాళ్లు బయటికి చెప్పుకోని మాటలు ఈ పండుగ రాత్రుల్లో గొంతెత్తి పాడుకుంటారు. అందుకే నేను డీజే వద్దంటాను. పెద్ద స్పీకర్ పెడితే ముసలివాళ్ల గొంతు వినబడదు. ఆ గొంతు వినబడకపోతే పాట పిల్లలకు అందదు. మీ కాలనీలో పాటలు వచ్చిన పెద్దావిడ ఎవరో కనుక్కుని, ఆమెకు వలయంలో ముందు చోటివ్వండి. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.

నీళ్లలో వదలడం, వాయినం

చీకటి పడ్డాక బతుకమ్మను చెరువులోకి దించుతారు. దించేముందు శిఖరం మీది గౌరమ్మను తమలపాకుతో సహా తీసి పక్కన పెట్టుకోవాలి, ఇది మర్చిపోవద్దు. వానలకు చెరువులు నిండి ఉంటాయి, ఒడ్డు జారుతుంది. లోతు తెలిసినవాళ్లే నీళ్లలోకి దిగాలి, పిల్లలను గట్టు మీదే ఉంచాలి. పళ్లాన్ని నీటి మీద వంచి, పూలను జరిపేసి, పళ్లెం వెనక్కి తీసుకోండి. కూరిన ఆకు గట్టిగా ఉంటే బతుకమ్మ చెదరకుండా కాసేపు అలాగే తేలుతుంది. చెరువు దగ్గర లేనివాళ్లు, అపార్ట్‌మెంట్లలో, బయటి దేశాల్లో ఉన్నవాళ్లు పెద్ద టబ్బులో నీళ్లు నింపి వదలండి. తర్వాత ఆ పూలూ నీళ్లూ చెట్ల మొదట్లో పోయొచ్చు.

ఒడ్డుకు వచ్చాక ముత్తయిదువలు గౌరమ్మ పసుపును పుస్తెలకు రాసుకుని, ఒకరి ముఖానికి ఒకరు రాస్తారు. అదే సిబ్బిలో నీళ్లు తెచ్చి, సత్తుపిండి విప్పుతారు. "ఇస్తినమ్మా వాయినం" అని ఒకరంటే "పుచ్చుకుంటినమ్మా వాయినం" అని ఇంకొకరు కొంగు పడతారు. ఇక్కడ కులం, ఇల్లు, తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు అని చూడకుండా పక్కన ఉన్న ప్రతి ఆడమనిషికీ పెట్టండి. భర్త పోయినవాళ్లను వాయినానికి పిలవని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మా నాయనమ్మకు తాతయ్య పోయాక మా అమ్మ మొదటి పిడికెడు ఆమె కొంగులోనే పోసేది, ఇప్పుడు నేను మా అత్తమ్మకు అలాగే పోస్తున్నాను. సద్దులు అక్కడే విస్తళ్లలో పంచుకుని తినండి. పెరుగన్నం ముందుగా పిల్లలకు పెట్టండి, అప్పటికే వాళ్లకు నిద్ర ముంచుకొస్తుంటుంది.